బిరడాలు

వూచ్ నగరంలో ఫ్యూజుని బిరడా అంటారు.
సీసా మూతికి పెట్టేదే, అదే మాట.
ఇల్లు చీకటైతే ఎవరో ఒకరు తలుపు తీసి
"బిరడాలు ఎగిరాయి!" అని మెట్లలోకి కేకేస్తారు.

ఆ డిసెంబరులో నేను లెయోకాదియా దగ్గర పని నేర్చుకుంటున్నాను.
చెవి వెనక పెన్సిలు, బుగ్గన సోంపు బిళ్ల,
నేత మిల్లు మూతపడేదాకా
మగ్గాల మోటార్లకు ఆవిడే మంత్రసాని.

మొదటి వారం నాకు స్క్రూడ్రైవరు ఇవ్వలేదు.
ఒక పింగాణీ ఫ్యూజు చేతిలో పెట్టి
చెవి దగ్గర ఊపమంది.
లోపల ఇసుక, సన్నగా.
"తీగ కరిగినప్పుడు లేచే మంటని పూడ్చడానికి.
తన గోతికి కావలసిన మట్టి
తనే మోసుకొస్తుంది పాపం" అంది.
రేడియోలోని గాజు గొట్టానికి ఆ మట్టి కూడా లేదు.
దానిది చిన్న చావు,
గాజు లోపల ఓ మసి మరక, అంతే.

ఫ్యూజు కన్నా దాని గూడు తెలివైనదని కూడా అప్పుడే తెలిసింది.
అడుగున ఒక కొలత ఉంగరం.
ఆరు ఆంపియర్ల గూట్లో పదహారుది
ఎంత తిప్పినా కూర్చోదు.
"మనుషులకీ ఇలాంటి ఉంగరం ఉంటే..." అన్నాను.
"కవిత్వం తర్వాత. ముందు మెయిను ఆపు."

పదకొండో నంబరు వాటా వాళ్ల బిరడా విప్పినప్పుడు
ఆవిడ నమలడం మానేసింది.

బూడిదరంగు చుక్క రాలిపోయింది.
అంటే ఫ్యూజు ఎప్పుడో పోయింది.
అయినా పై అంతస్తులో ఇంతసేపూ దీపం వెలిగింది.
పింగాణీ నడుముకి రాగి తీగ, మూడు చుట్లు.
చచ్చినవాడి వేలితో
రోజూ సంతకం పెట్టిస్తున్నట్టు.

మెట్లెక్కుతూ మాటలు నూరుకున్నాను,
ఇల్లంతా తగలబెడతారా అని, ఇంకా చాలా.
తలుపు తీసిన తెలెస్ఫోర్ ఇంట్లోనే ఓవర్‌కోటు తొడుక్కుని ఉన్నాడు.
వెనక గదిలో ఒక యంత్రం గురక పెడుతోంది.
దాని గొట్టం చివర, కిటికీ పక్కన,
ఫ్లోరెంతినా.

"టీకి నీళ్లు పెడితే ఇది ఆగిపోయేది.
ఆ రాత్రి నాలుగుసార్లు కొవ్వొత్తి పట్టుకుని కిందికి దిగాను.
అయిదోసారికి ఫ్యూజులు అయిపోయాయి.
ఆదివారం. కొట్లన్నీ మూసి ఉన్నాయి.
కాలింగ్ బెల్లు తీగ పీకాను."

నా నూరుకున్న మాటలు నాలుక మీదే ఉండిపోయాయి.
లెయోకాదియా అరచేయి గోడకి ఆనించింది.
తర్వాత నా చేయి తీసి అక్కడే పెట్టింది.
వెచ్చగా ఉంది.
బయట మంచు కురుస్తుంటే
వెచ్చటి గోడంత భయం ఇంకోటి లేదు.

"ఆ మోటారు లేచేటప్పుడు ఒక్క గుక్క ఎక్కువ తాగుతుంది.
తొందరపాటు ఫ్యూజు దాన్ని దొంగతనం అనుకుంటుంది.
ఓర్చుకునే రకం కావాలి. దాని తీగ దానికే ఉండాలి,
టీ కెటిలుతో పొత్తు కుదరదు."

మెయిను ఆపిన ఇరవై రెండు నిమిషాలు
చిన్న సిలిండరు తెరిచి నన్ను కాపలా కూర్చోబెట్టింది.
ముల్లు దిగుతోంది, నేను లెక్కపెడుతున్నాను.
ఫ్లోరెంతినా నా చేయి పట్టుకుని,
నన్నే ఊరుకోబెడుతున్నట్టు, నిమిరింది.
గోడ అవతల డ్రిల్లు.
ఆగింది. మళ్లీ డ్రిల్లు.

గురక మొదలైంది.

కొత్త గూటి మూత మీద లెయోకాదియా
పెన్సిలుతో వాటా నంబరు రాయలేదు, పేరు రాసింది.
అయిదు ఫ్యూజుల పెట్టె తెలెస్ఫోర్‌కి ఇచ్చి
బిల్లులో వెయ్యడం మర్చిపోయింది.
ఆవిడ ఏదీ మర్చిపోదు.

నల్లబడ్డ రాగి తీగ మాత్రం అతను అడిగినా ఇవ్వలేదు.
అది ఇప్పుడు నా పనిముట్ల సంచిలో ఉంది.

వీధి తలుపు దగ్గర వెనక్కి తిరిగి చూశాను.
తెలెస్ఫోర్ అప్పుడే కిందికి దిగాడు.
పింగాణీ మూతకున్న చిట్టి గాజు కిటికీలో
ఆకుపచ్చ చుక్క.
మోకాళ్ల మీద చేతులు ఆన్చి, వంగి,
దాన్నే చూస్తున్నాడు.